అవయవ మార్పిడి తర్వాత మధుమేహం: ముప్పును ముందుగా అంచనా వేసే పద్ధతి

కిడ్నీ మార్పిడికి ముందు ఏనాడూ షుగర్ లేని మనిషికి, కొత్త కిడ్నీ చక్కగా పనిచేస్తూ క్రియాటినిన్ అదుపులోకి వచ్చిన మూడు నాలుగు నెలలకే మధుమేహం బయటపడడం అరుదైన విషయం కాదు. పరిశీలించిన రోగులను బట్టి, నిర్ధారణకు వాడిన పరీక్షను బట్టి అంకెలు మారుతున్నా, మార్పిడి చేయించుకున్న ప్రతి 100 మందిలో 10 నుంచి 40 మంది వరకు దీని బారిన పడుతున్నట్టు వేర్వేరు దేశాల అధ్యయనాలు చూపుతున్నాయి. ఈ మధుమేహం వచ్చినవారిలో గుండె జబ్బులు, ఇన్ఫెక్షన్లు పెరుగుతాయి కనుక, ఎవరికి వచ్చే అవకాశం ఎక్కువో ముందే తెలుసుకోగలిగితే మందుల ఎంపికను, పరీక్షల వేళలను, ఆహార నియమాలను ఆ మేరకు మార్చుకోవచ్చు. మార్పిడికి సిద్ధమవుతున్న రోగుల కుటుంబాలకు, ఆసుపత్రుల్లోని ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్లకు, ఇంటికి తిరిగివచ్చిన రోగిని ఊళ్లో చూసే డాక్టర్లకు ఉపయోగపడేలా ఆ అంచనా వేసే క్రమాన్ని ఇక్కడ వివరిస్తున్నాను. ప్రధానంగా కిడ్నీ మార్పిడినే దృష్టిలో పెట్టుకున్నాను. ఇతర అవయవాల సంగతి చివరలో క్లుప్తంగా వస్తుంది.

ముందుగా తేల్చుకోవలసింది: దేన్ని అంచనా వేస్తున్నాం?

ఆపరేషన్ జరిగిన మొదటి రెండు మూడు వారాల్లో చాలామందికి రక్తంలో గ్లూకోజ్ పెరుగుతుంది. శస్త్రచికిత్స వల్ల శరీరం మీద పడే ఒత్తిడి, పెద్ద మోతాదులో ఇచ్చే మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, శరీరం కొత్త అవయవాన్ని తిరస్కరించకుండా ఇస్తూ మొదటి రోజుల్లో ఎక్కువ స్థాయిలో ఉంచే టాక్రోలిమస్ మందు కలిసి దీనికి కారణమవుతాయి. ఇది చాలామందిలో తగ్గిపోతుంది కాబట్టి దీన్నే మధుమేహమని ముద్ర వేయకూడదు. 2013లో వియన్నాలో సమావేశమైన అంతర్జాతీయ నిపుణుల బృందం, రోగి ఇంటికి చేరి, మందుల మోతాదులు స్థిరపడి, ఇన్ఫెక్షన్ వంటివేవీ లేని స్థితిలోనే రోగ నిర్ధారణ చేయాలని సూచించింది. ఆచరణలో దీనికి 45 రోజుల గడువును పాటిస్తున్నారు.

ప్రమాణాలు మామూలు మధుమేహానికి ఉన్నవే. పరగడుపు గ్లూకోజ్ డెసిలీటరుకు 126 మిల్లీగ్రాములు గానీ అంతకు మించి గానీ ఉండడం, గ్లూకోజ్ తాగిన రెండు గంటలకు 200 లేదా అంతకంటే ఎక్కువ ఉండడం, దాహం, అతిమూత్రం వంటి లక్షణాలతో పాటు ఏ వేళలోనైనా 200 దాటడం, గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే హెచ్‌బీఏ1సీ 6.5 శాతం లేదా ఆపైన ఉండడం. కాబట్టి మనం జవాబు వెతుకుతున్న ప్రశ్న ఇది: ఈ వ్యక్తి మార్పిడి జరిగిన 45 రోజుల తర్వాత, మొదటి సంవత్సరం పూర్తయ్యేలోగా, ఈ ప్రమాణాల్లో ఒకదాన్ని చేరుకునే అవకాశం ఎంత?

జబ్బు ఎలా పుడుతుందో కొంత తెలిస్తే మిగతా అడుగులు సులువుగా అర్థమవుతాయి. స్టెరాయిడ్లు కండరాల్లోనూ కొవ్వులోనూ ఇన్సులిన్ పనిని మందగింపజేసి, కాలేయం నుంచి గ్లూకోజ్ విడుదలను పెంచుతాయి. టాక్రోలిమస్ ఏ కాల్సిన్యూరిన్ ఎంజైమును అడ్డుకొని అవయవాన్ని కాపాడుతుందో, క్లోమంలోని బీటా కణాలకు కూడా అదే ఎంజైము అవసరం కనుక, ఇన్సులిన్ తయారీ తగ్గుతుంది. అంటే గిరాకీ పెంచే మందూ, సరఫరా తగ్గించే మందూ ఒకేసారి మొదలవుతాయి. పైగా ఆరోగ్యవంతమైన కిడ్నీ ఇన్సులిన్‌ను రక్తం నుంచి తొలగించడమే గాక, తానూ కొంత గ్లూకోజ్‌ను తయారుచేస్తుంది. డయాలసిస్ దశలో ఈ రెండు పనులూ మందగించి ఉన్నందువల్లే అప్పటి గ్లూకోజ్ అంకెలు అసలు పరిస్థితి కన్నా మెరుగ్గా కనిపిస్తాయి.

మొదటి అడుగు: ఆపరేషన్‌కు ముందు గ్లూకోజ్ టాలరెన్స్ పరీక్ష

ఈ క్రమం మొత్తంలో అన్నిటికన్నా విలువైనదీ, అన్నిటికన్నా ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేదీ, గ్లూకోజ్ తాగించి రెండు గంటలకు రక్తం చూసే ఈ పరీక్షే. "ఫాస్టింగ్ నార్మల్, హెచ్‌బీఏ1సీ 5.3, షుగర్ లేదు" అని ఫైలు మూసేయడం చాలా చోట్ల జరుగుతుంది. డయాలసిస్ రోగుల్లో ఎర్ర రక్తకణాల ఆయుష్షు తగ్గిపోతుంది; రక్తకణాల తయారీని పెంచే ఎరిత్రోపొయిటిన్ ఇంజెక్షన్లు, ఐరన్, రక్తమార్పిడి వల్ల కొత్త కణాల నిష్పత్తి పెరుగుతుంది. కొత్త కణానికి గ్లూకోజ్ అంటుకునే వ్యవధి ఉండదు కాబట్టి హెచ్‌బీఏ1సీ తప్పుగా తక్కువ చూపుతుంది. ఈ రోగుల్లో 5.3 అనే అంకెను ఊరట కలిగించే అంకెగా నేనైతే లెక్కలోకి తీసుకోను.

పరీక్ష చేయించేటప్పుడు పాటించవలసినవి ఇవి. అంతకు ముందు మూడు రోజులు అన్నం, రొట్టె వంటివి మామూలుగానే తినాలి. షుగర్ పరీక్ష అని ముందే అన్నం తగ్గించిన మనిషికి ఫలితం తారుమారవుతుంది. రాత్రంతా 8 నుంచి 10 గంటల పాటు ఏమీ తినకుండా ఉండి, ఉదయం పరగడుపు రక్తం ఇచ్చాక, 75 గ్రాముల నిర్జల గ్లూకోజ్‌ను 250 నుంచి 300 మిల్లీలీటర్ల నీటిలో కలిపి అయిదు నిమిషాల్లో తాగాలి. ల్యాబులో ఉన్నది నీటి అణువు కలిసిన గ్లూకోజ్ పొడి అయితే 82.5 గ్రాములు తూచాలి. ఈ చిన్న తేడాను పట్టించుకోని ల్యాబులు ఉన్నాయి కనుక అడిగి తెలుసుకోవడం మంచిది. తాగినప్పటి నుంచి రెండు గంటలు కూర్చునే ఉండాలి, నడక, పొగ తాగడం వద్దు. తాగడం మొదలుపెట్టిన సమయాన్ని రాసిపెట్టుకొని సరిగ్గా రెండు గంటలకు మళ్లీ సిర నుంచి రక్తం తీయించాలి. వేలిని గుచ్చి గ్లూకోమీటర్‌తో చూసిన అంకె దీనికి చెల్లదు.

డయాలసిస్ రోగులకు మరికొన్ని జాగ్రత్తలున్నాయి. పరీక్షను డయాలసిస్ లేని రోజున పెట్టుకోవాలి, తాగిన 300 మిల్లీలీటర్లను ఆనాటి నీటి పరిమితిలో కలుపుకోవాలి. పొట్ట ద్వారా డయాలసిస్ చేసుకునేవారు వాడే ద్రవంలోనే గ్లూకోజ్ ఉంటుంది కాబట్టి, పరీక్షకు ముందు రాత్రి చేసే ద్రవ మార్పిళ్ల గురించి డాక్టరును ముందే అడగాలి. అదే సందర్భంలో మరో మాట: ఐకోడెక్స్‌ట్రిన్ ద్రవం వాడేవారిలో కొన్ని రకాల గ్లూకోమీటర్ స్ట్రిప్పులు లేని షుగర్‌ను ఉన్నట్టు చూపిస్తాయి, కనుక స్ట్రిప్పు రకం గురించీ విచారించాలి.

రెండు గంటల అంకె 140 లోపు ఉంటే మామూలు. 140 నుంచి 199 మధ్య ఉంటే మధుమేహపు ముందు దశ, రాబోయే ముప్పుకు బలమైన సూచన. 200 గానీ ఆపైన గానీ ఉంటే అది మార్పిడి వల్ల వచ్చే మధుమేహం కాదు. అప్పటికే ఉండి బయటపడనిది. ఈ చివరి కోవలోకి వచ్చేవారికి అంచనాతో పనిలేదు, చికిత్సే మొదలుపెట్టాలి.

రెండవ అడుగు: ఏడు అంశాల స్కోరు, దాన్ని మన శరీరాలకు తగ్గట్టు చదవడం

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో మాయో క్లినిక్ పరిశోధకులు 2011లో ఒక సులభమైన స్కోరును ప్రచురించారు. మార్పిడికి ముందే తెలిసే ఏడు అంశాలు, ఒక్కోదానికి ఒక్కో పాయింటు: వయసు 50 లేదా ఆపైన, మార్పిడి తర్వాత స్టెరాయిడ్లు కొనసాగించే ఉద్దేశం, గౌట్ (యూరిక్ ఆమ్లం వల్ల వచ్చే కీళ్ల జబ్బు) మందుల వాడకం, బీఎమ్ఐ (ఎత్తును బట్టి బరువును చూపే సూచిక) 30 లేదా ఆపైన, పరగడుపు గ్లూకోజ్ 100 లేదా ఆపైన, రక్తంలోని కొవ్వులైన ట్రైగ్లిజరైడ్లు పరగడుపున 200 లేదా ఆపైన, కుటుంబంలో టైప్ 2 మధుమేహం. మొత్తం 0 లేదా 1 వస్తే తక్కువ ముప్పు, 2 లేదా 3 మధ్యస్థం, 4 నుంచి 7 ఎక్కువ.

ఇలాంటి స్కోర్ల సామర్థ్యం సాధారణంగా 0.7 ప్రాంతంలో ఉంటుంది. తర్వాత మధుమేహం వచ్చిన ఒకరినీ, రాని ఒకరినీ జతగా తీసుకుంటే, పది జతల్లో ఏడింటిలో మాత్రమే స్కోరు సరైన మనిషికి ఎక్కువ అంకె ఇస్తుందన్నమాట. గుడ్డిగా చెప్పడం కన్నా నయమే గానీ, జాతకంలా నమ్మదగినది కాదు.

మన రోగులకు వాడేటప్పుడు కొన్ని అంశాలను సరిచేసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది బీఎమ్ఐ. దక్షిణాసియా వారికి తక్కువ బరువులోనే పొట్ట చుట్టూ కొవ్వు చేరి మధుమేహం వస్తుంది కాబట్టి, భారతీయ నిపుణుల ఏకాభిప్రాయం ప్రకారం 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం. 30 అనే గీత పెడితే తెలుగు రాష్ట్రాల డయాలసిస్ కేంద్రాల్లో ఈ పాయింటు ఎవరికో గానీ రాదు. బరువును డయాలసిస్ పూర్తయ్యాక, ఒంట్లోని నీరు దిగాక తూచినదే తీసుకోవాలి. దానితో పాటు నడుము కొలత చూడాలి. మగవారిలో 90 సెంటీమీటర్లు, ఆడవారిలో 80 సెంటీమీటర్లు దాటితే బీఎమ్ఐ ఎంత ఉన్నా ఆ పాయింటు ఇవ్వడమే సబబని నా అభిప్రాయం.

స్టెరాయిడ్ల పాయింటు మరో రకంగా ఇబ్బంది పెడుతుంది. మన దేశంలో చాలా కేంద్రాలు టాక్రోలిమస్, మైకోఫినొలేట్, స్టెరాయిడ్ అయిన ప్రెడ్నిసొలోన్ అనే మూడింటినీ కలిపి కొనసాగిస్తాయి. అందరికీ వచ్చే పాయింటు ఒకరినుంచి ఒకరిని వేరుచేయలేదు, అందరి అంకెనూ ఒకటి పెంచుతుందంతే. గౌట్ మందుల విషయంలో, కీళ్ల నొప్పి ఏనాడూ లేకపోయినా యూరిక్ ఆమ్లం ఎక్కువ ఉందని ఫెబుక్సోస్టాట్ రాయడం ఇక్కడ మామూలు కాబట్టి, ప్రిస్క్రిప్షన్‌ను చూసి పాయింటు వేయకుండా రోగిని అడగాలి. ఇక కుటుంబ చరిత్ర. "మా ఇంట్లో ఎవరికీ షుగర్ లేదండీ" అన్న మాటకు చాలాసార్లు అసలు అర్థం ఎవరూ పరీక్ష చేయించుకోలేదని. మార్పిడికి కిడ్నీ ఇవ్వడానికి ముందుకొచ్చిన తల్లికో అన్నకో దాత పరీక్షల్లో భాగంగా షుగర్ చూస్తారు; ఆ రిపోర్టును దాత అర్హత కోసమే చూసి పక్కన పెట్టకుండా రోగి స్కోరు కోసం కూడా చదవాలి.

ఒక కల్పిత రోగితో లెక్క చూద్దాం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి తోటల్లో పనిచేసిన 43 ఏళ్ల వ్యక్తి. ఆ ప్రాంతపు కిడ్నీ జబ్బు ఎక్కువగా మధుమేహంతో సంబంధం లేనిది కనుక, అక్కడి నుంచి మార్పిడికి వచ్చేవారిలో షుగర్ చరిత్ర లేనివారు ఎక్కువమంది ఉంటారు. అందుకే ఈ అంచనా వారికి మరీ అవసరం. ఎత్తు 160 సెంటీమీటర్లు, నీరు దిగాక బరువు 58 కిలోలు, అంటే బీఎమ్ఐ 22.7. నడుము 93 సెంటీమీటర్లు. పరగడుపు గ్లూకోజ్ 98, ట్రైగ్లిజరైడ్లు 210, హెచ్‌బీఏ1సీ 5.3, తల్లికి మధుమేహం, స్టెరాయిడ్లు కొనసాగిస్తారు. అసలు స్కోరు ప్రకారం ట్రైగ్లిజరైడ్లకు ఒకటి, తల్లికి ఒకటి, స్టెరాయిడ్లకు ఒకటి, మొత్తం 3, మధ్యస్థ ముప్పు. నడుము పాయింటు కలిపితే 4. ఇప్పుడు గ్లూకోజ్ తాగించి చూస్తే రెండు గంటల అంకె 172 వచ్చిందనుకుందాం. పరగడుపు గ్లూకోజ్, హెచ్‌బీఏ1సీ, బీఎమ్ఐ మూడూ బాగున్నాయన్న ఈ మనిషిని ఎక్కువ ముప్పు వర్గంలో పెట్టడానికి నాకు ఏ సందేహమూ ఉండదు.

మూడవ అడుగు: స్కోరులో లేనివి

హెపటైటిస్ సి ఉన్నవారిలో మార్పిడి తర్వాత మధుమేహం ఎక్కువగా కనిపిస్తుంది. డయాలసిస్ కేంద్రాల్లో ఈ వైరస్ సోకే అవకాశం ఉంటుంది కనుక ఆ పరీక్ష తాజాది ఉండాలి. నేరుగా వైరస్‌పై పనిచేసే మాత్రలతో దీన్ని నయం చేయవచ్చు కాబట్టి, ఇది మార్చగలిగిన ముప్పు. వంశపారంపర్యంగా కిడ్నీల్లో నీటితిత్తులు వచ్చే జబ్బు ఉన్నవారికీ ముప్పు కొంత ఎక్కువ. టాక్రోలిమస్ వల్ల మెగ్నీషియం మూత్రంలో పోతుంది, తక్కువ మెగ్నీషియానికీ ఈ మధుమేహానికీ సంబంధం గమనించారు. సైటోమెగలో వైరస్ ఇన్ఫెక్షన్‌ను కూడా ఈ జాబితాలో చేర్చుకోవాలి. జన్యు పరీక్షల గురించి అడిగేవారికి నా సలహా ఒక్కటే: ప్రస్తుతానికి ఆ డబ్బును గ్లూకోజ్ టాలరెన్స్ పరీక్షకు ఖర్చు పెట్టండి.

నాలుగవ అడుగు: మందుల ప్రణాళికను అంచనాలో కలపడం

రోగి శరీరం ఎంత ముఖ్యమో, ఏ మందులు రాయబోతున్నారన్నదీ అంతే ముఖ్యం. 2007లో ప్రచురితమైన డైరెక్ట్ అధ్యయనంలో ఆరు నెలలకల్లా మధుమేహం గానీ పరగడుపు గ్లూకోజ్ పెరుగుదల గానీ, టాక్రోలిమస్ కోవకే చెందిన సైక్లోస్పోరిన్ వాడినవారిలో 26 శాతానికి, టాక్రోలిమస్ వాడినవారిలో 33.6 శాతానికి కనిపించింది. జర్మనీలో జరిగి 2016లో ప్రచురితమైన హార్మనీ అధ్యయనంలో, స్టెరాయిడ్లు కొనసాగించినవారిలో ఏడాదికి 39 శాతం మందికి మధుమేహం రాగా, ఎనిమిదో రోజుకే స్టెరాయిడ్లు ఆపిన రెండు వర్గాల్లో అది 24, 23 శాతాలకు తగ్గింది. తిరస్కరణ మాత్రం చెప్పుకోదగినంత పెరగలేదు. అయితే వారు కొత్త కిడ్నీని శరీరం తిరస్కరించే ముప్పు తక్కువగా ఉన్న రోగులనే ఎంచుకున్నారన్నది మరచిపోకూడదు.

దీన్నిబట్టి ఎక్కువ ముప్పు తేలిన వ్యక్తి ఆపరేషన్‌కు ముందే నెఫ్రాలజిస్టును రెండు విషయాలు అడగవచ్చు: నా విషయంలో స్టెరాయిడ్ మోతాదును ఎంత త్వరగా, ఎంతవరకు తగ్గించగలరు? టాక్రోలిమస్ స్థాయిని ఏ పరిధిలో ఉంచబోతున్నారు? నిర్ణయం మాత్రం డాక్టరుదే, ఎందుకంటే తిరస్కరణ వస్తే దానికి ఇచ్చే భారీ స్టెరాయిడ్ ఇంజెక్షన్లే షుగర్‌ను మరింత పెంచుతాయి. షుగర్ వస్తుందన్న భయంతో టాక్రోలిమస్ మాత్రను సొంతంగా తగ్గించినవారు కిడ్నీనే పోగొట్టుకోవచ్చు.

టాక్రోలిమస్ స్థాయిని పెంచేవి మరికొన్ని ఉన్నాయి. ఫంగస్ ఇన్ఫెక్షన్లకు వాడే ఫ్లూకొనజోల్, వొరికొనజోల్, రక్తపోటుకు వాడే డిల్టియాజెమ్ ఆ కోవలోవే. పంపరపనస కూడా అంతే. పెరట్లో చెట్టు ఉన్నవారికి ఇది ప్రత్యేకంగా చెప్పాలి. రక్తంలో టాక్రోలిమస్ స్థాయిని ఉదయం మాత్ర వేసుకోకముందే చూడాలి, వేసుకొని వెళ్లి రక్తం ఇస్తే అంకె అర్థం లేకుండా పోతుంది.

అయిదవ అడుగు: మధ్యాహ్నం అంకెలతో అంచనాను తిరగరాయడం

ఆపరేషన్‌కు ముందు వేసిన అంచనా ముసాయిదా మాత్రమే. మొదటి వారాల్లో వచ్చే అంకెలు దాన్ని మార్చేస్తాయి. ప్రెడ్నిసొలోన్‌ను ఉదయం టిఫిన్ తర్వాత ఇస్తారు. దాని ప్రభావం మధ్యాహ్నం నుంచి సాయంత్రం వరకు ఎక్కువగా ఉండి తెల్లవారేసరికి తగ్గిపోతుంది. అందుకే ఉదయం 6 గంటలకు వార్డులో నర్సు చూసిన అంకె 94 ఉన్న రోగికే సాయంత్రం 4 గంటలకు 230 ఉండవచ్చు. పరగడుపు అంకె ఒక్కటే రాసి ఉన్న చార్టును చూసి షుగర్ లేదని తీర్పు చెప్పరాదు. భోజనమైన రెండు గంటలకు ఒకసారి, రాత్రి భోజనానికి ముందు ఒకసారి చూడాలి, రోజు, వేళ, ఆనాటి స్టెరాయిడ్ మోతాదు పక్కపక్కనే రాసుకోవాలి.

ఈ చార్టును చదివేటప్పుడు గమనించవలసింది దిశను. స్టెరాయిడ్ 20 మిల్లీగ్రాముల నుంచి 10కి తగ్గుతున్నకొద్దీ సాయంత్రపు అంకె కూడా దిగుతుంటే ముప్పు తగ్గుతున్నట్టు. మోతాదు తగ్గినా అంకె అక్కడే ఉంటే, లేదా డిశ్చార్జి నాటికి ఇన్సులిన్ అవసరం తీరకపోతే, ముందు తక్కువ ముప్పు అనుకున్న వ్యక్తిని కూడా పై వర్గంలోకి మార్చాలి. ఆపరేషన్ ముందరి స్కోరుకు, తొలి వారాల అంకెలకు మధ్య వైరుధ్యం వస్తే నేను అంకెలవైపే మొగ్గుతాను.

ఆరవ అడుగు: పరీక్షల క్యాలెండరు

2009 నాటి అంతర్జాతీయ కిడ్నీ మార్గదర్శకాలైన కేడిగో, మధుమేహం లేని రోగులందరికీ మొదటి నాలుగు వారాలు వారానికోసారి, తర్వాత ఏడాది పూర్తయ్యేవరకు మూడు నెలలకోసారి, ఆపైన ఏటా ఒకసారి పరీక్షించమన్నాయి. ఎక్కువ ముప్పు తేలినవారికి మూడో నెలలో గ్లూకోజ్ టాలరెన్స్ పరీక్షను తప్పనిసరి చేయడం మేలు. మొదటి నెలల్లో రక్తహీనత ఇంకా సర్దుకోదు కాబట్టి హెచ్‌బీఏ1సీ మామూలుగా ఉందన్న ఒక్క ఆధారంతో మధుమేహం లేదనుకోకూడదు. ఎక్కువగా ఉంటే మాత్రం పట్టించుకోవాలి.

సొంతంగా స్కోరు తయారుచేసుకునే కేంద్రాలకు

తమ రోగుల రికార్డులతో స్థానిక స్కోరు తయారుచేయాలనుకునే బృందాలు కొన్ని పాత నియమాలు పాటిస్తే చాలు. ఒక్కో అంశానికి కనీసం పదిమంది మధుమేహం వచ్చిన రోగులు ఉండాలన్నది వాడుకలో ఉన్న నియమం. నాలుగు అంశాలతో స్కోరు కట్టాలంటే అలాంటివారు 40 మంది కావాలి, వందకు 20 మందికి జబ్బు వచ్చే చోట మొత్తం 200 మంది రికార్డులు కావాలి. అంచనా వేసే రోజుకు తెలియని సమాచారాన్ని, ఉదాహరణకు ఆరో నెల బరువును, లెక్కలో కలపరాదు. గ్లూకోజ్ టాలరెన్స్ పరీక్ష చేయని రోగిని మధుమేహం లేని రోగిగా నమోదు చేయడమూ తప్పే. చివరగా, స్కోరు 30 శాతం అని చెప్పిన వందమందిలో నిజంగా ముప్పైమందికి దగ్గరగా జబ్బు వచ్చిందా లేదా అని సరిచూడాలి.

ఇతర అవయవాలు

కాలేయ మార్పిడిలో హెపటైటిస్ సి, కొవ్వు కాలేయం ముందు వరుసలో ఉంటాయి; సిరోసిస్ రోగుల్లో కూడా హెచ్‌బీఏ1సీ తక్కువగా చూపుతుంది. గుండె, ఊపిరితిత్తుల మార్పిడిలో స్టెరాయిడ్లు ఎక్కువ మోతాదులో, ఎక్కువకాలం ఇస్తారు కనుక స్కోరుతో నిమిత్తం లేకుండా అందరినీ ముప్పు ఉన్నవారిగానే పరిగణించడం మంచిది.

ఏడాది దాటాక

మొదటి మూడు నెలల్లో ఒకసారి, మళ్లీ రెండు మూడేళ్ల మధ్య మరోసారి కొత్త కేసులు పెరుగుతాయని గమనించారు. మొదటిది ఎక్కువగా మందుల వల్ల, రెండవది మామూలు టైప్ 2 మధుమేహపు దారిలో, డయాలసిస్ ఆహార నియమాలు తొలగి ఆకలి తిరిగివచ్చి బరువు పెరిగినవారిలో వస్తుంది. అందుచేత మొదటి ఏడాది గట్టెక్కినవారి నడుము కొలత, ట్రైగ్లిజరైడ్లు, రెండు గంటల గ్లూకోజ్ ఏటా మళ్లీ చూడాలి. మధ్యలో తిరస్కరణకు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చినా, సైక్లోస్పోరిన్ నుంచి టాక్రోలిమస్‌కు మార్చినా, ఎవరోలిమస్ వంటి తిరస్కరణ నిరోధక మందును కొత్తగా చేర్చినా, ఆ ఏటి పరీక్ష వచ్చేదాకా ఆగకుండా మరునాటి నుంచే సాయంత్రం 4 గంటల గ్లూకోమీటర్ చార్టును తిరిగి మొదలుపెట్టి, అంచనాను అయిదవ అడుగు నుంచి మళ్లీ చేయాలి.